టోపికారు తోలిన యాదగిరి

"ఏం పేరురా నీది?" అని అడిగాడు దొర.

"యాదగిరి, దొరా" అన్నాడు ఇరవై మూడేళ్ల మనిషి.

వాకిట్లో ఉన్న జీతగాళ్లు తలలు దించుకున్నారు. కొట్టం ఊడుస్తున్న ఆమె చీపురు ఆపింది. దొర పేరు కూడా యాదగిరే మరి. యాదగిరి రావు.

దర్వాజ వెనక నుంచి దొరసాని గొంతు వినిపించింది. "మంచిగనే ఉన్నది సంబడం. మొగని పేరు నోట్లెకెళ్లి తీసుడు మా ఇంట్ల లేదు. రేపు బండి తియ్యమని నేను వీన్ని ఏమని పిలవాలె?"

దొర నవ్వాడు. "వర్క్‌షాపు సేటు ఏమన్నడు? గాలి లెక్క తోల్తడన్నడు గదా. ఇగ గాలిగాడే. పోరా గాలిగా, బండి కడుగుపో."

అయిపోయింది. బీడీ ముట్టించుకునేంత సేపు కూడా పట్టలేదు. 1983లో, మేడ్చల్ రైలు పట్టాల అవతలి ఆ పాత గడి వాకిట్లో, ఒక మనిషి పేరు అట్లా ఊడిపోయింది. పిల్లలు పుట్టినాక, నెత్తి మీద నాలుగు తెల్ల వెంట్రుకలొచ్చినాక, మర్యాదకు గాలిగాడు గాలయ్య అయ్యాడు. యాదగిరి మాత్రం మళ్లీ కాలేదు. ఆ మర్యాద కూడా వాళ్లు ఇచ్చిన పేరుకే.

అదే రోజు ఇంకొక మాట కూడా చెప్పారు. దొర బండిలో కూర్చున్నప్పుడు డ్రైవరు కాళ్లకు చెప్పులుండొద్దు. అతను సరేనన్నాడు. దేనికీ ఎదురు చెప్పలేదు. ఇంట్లో తల్లి అడిగితే, "మస్తు మంచోళ్లే" అన్నాడు.

నలభై ఒక్క ఏళ్లు గడిలో ఎవరూ అతన్ని పిలవని ఆ పేరుతోనే ఇక్కడ అతని సంగతి చెప్పుకుందాం. పిట్ల యాదగిరి. ఊరు శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టి బతికే ఇల్లు. తల్లికి ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే యాదగిరి గుట్టకు మొక్కుకుంది. నాలుగోవాడు నిలబడ్డాడు. పుట్టెంట్రుకలు గుట్ట మీదనే తీయించి దేవుడి పేరే పెట్టుకుంది. అంటే అది ఊరికే పెట్టిన పేరు కాదు, మొక్కు తీర్చిన పేరు.

వాడికి మాత్రం నీళ్ల మీద మనసు నిలవలేదు. తెప్ప మీద కూర్చున్నా చెవి రోడ్డు మీదనే ఉండేది. మేడ్చల్‌లో, నిజామాబాద్ రోడ్డు పక్కన, లారీల వర్క్‌షాపులో చేరి పని నేర్చుకున్నాడు. ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. అందుకే గడిలో ఏడాదిగా కదలకుండా పడి ఉన్న విలాయతి కారు దగ్గరికి సేటు అతన్ని పంపాడు.

దొర తండ్రి బొంబాయి రేవులో దించుకున్న బండి అది. నాలుగు మూరల బానెట్టు, మీగడ రంగు ఒళ్లు, ఎర్ర తోలు సీట్లు. పైకప్పు మాత్రం గుడ్డది. దాన్ని వెనక్కి మడిస్తే బండి టోపీ తీసి దండం పెట్టినట్టుండేది. ఊరివాళ్లు దానికి టోపికారు అని పేరు పెట్టారు. కారుకు పెట్టిన పేరు మాత్రం చివరిదాకా నిలిచింది.

యాదగిరి రెండు రోజుల్లో దాన్ని కదిలించాడు. ఆ బండికి ఒక మొండితనముంది. చోక్ గుంజి, యాక్సిలేటర్ రెండుసార్లు మెల్లగా తొక్కి, పదకొండు లెక్కపెట్టి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. పదికి కొడితే దగ్గుతుంది, పన్నెండుకు కొడితే పెట్రోలు మింగి కూర్చుంటుంది. ఆ పదకొండు అతను నోటితో లెక్కపెట్టేవాడు కాదు. పెడల్ మీద పెట్టిన వట్టి అరికాలికి లోపలి కదలిక తెలిసేది. పల్స్ చూసినట్టు.

అరికాలికి ఇంకొకటి కూడా తెలిసేది. మే నెలలో ఇంజను వేడి కింది రేకులోకి దిగేది. మేడ్చల్ నుంచి నగరం దాకా, మళ్లీ వెనక్కి, కాలు పెనం మీద పెట్టినట్టే ఉండేది. ఇంటికొచ్చాక భార్య సాలమ్మ ఆముదం రాసేది. "ఒక్కపారి అడుగరాదు, చెప్పులేసుకుంటనని?" అనేది. "ఏమన్న అనుకుంటరేమోనే" అనేవాడు యాదగిరి. బొబ్బలు పగిలి, మానిపోయి, మళ్లీ లేచి, చివరికి అరికాలు తోలు చెప్పులాగే తయారైంది. పెడల్ ఇనుము మీద ఐదు వేళ్ల గుంటలు పడ్డాయి.

చుట్టూ కాలం మారలేదని కాదు. ఊళ్లలో సంఘాలు లేచాయి. గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచే రివాజు పోయింది. దొరలు పట్నంలో ఇల్లు కట్టుకున్నారు. ఊళ్లో చచ్చిన రివాజు ఆ ఒక్క కారులో మాత్రం బతికుంది. పెద్దదొర యాదగిరి రావు పోయి ఇరవై ఏళ్లయినా బతికుంది. కొడుకు మధుసూదన్ రావు "చెప్పులు విప్పు" అని ఎన్నడూ అనలేదు. "వేసుకో" అని కూడా అనలేదు. మంచి యజమానులని మనం పేరు పెట్టుకున్నవాళ్ల మంచితనం చాలాసార్లు ఇంతే ఉంటుంది.

సాలమ్మకూ ఆ కారుతో ఒక లెక్కుంది. ఒక ఏడు రాళ్లవాన పడి కారు పైగుడ్డ అడ్డంగా చినిగింది. నగరంలో సీట్లు కుట్టేవాళ్లు చూసి, ఈ గుడ్డ ఇక్కడ దొరకదు, ఈ కుట్టు మాకు రాదన్నారు. యాదగిరి ఇంటికొచ్చి చెబితే సాలమ్మ వల కట్టే సూది తీసుకుని బయల్దేరింది. వల ముడికి ఒక గుణముంది. తడిసిన కొద్దీ బిగుసుకుంటుంది. షెడ్డు నేల మీద బాసింపట్టు వేసుకుని, గుడ్డను ఒడిలోకి గుంజుకుని మూడు రోజులు కుట్టింది. సీటు మీద కూర్చుంటే చేతికి అందేది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. ఆ తర్వాత ఇరవై ఆరు వానాకాలాలు ఆ కప్పు కింద దొరల మీద ఒక్క చుక్క పడలేదు.

ఆ కారులో యాదగిరి ఎంతమందిని మోశాడో. గడి పెళ్లిళ్లన్నిట్లో పెళ్లికొడుకులను మోశాడు. ఎలక్షన్లలో పూలదండలతో నిలబడి చేతులూపేవాళ్లను మోశాడు. ఇప్పుడు కుటుంబం భూముల వ్యాపారంలో ఉంది. రింగు రోడ్డు పక్కన కొత్త వెంచర్ తెరిచిన ప్రతిసారీ టోపికారును బెలూన్లు కట్టి గేటు దగ్గర నిలబెట్టేవారు. ప్లాట్లు కొనడానికొచ్చినవాళ్లు అందులో కూర్చుని ఫోటోలు దిగేవారు. "డ్రైవర్, కొంచెం పక్కకు జరగవా" అనేవారు. అతను జరిగేవాడు.

మూడేళ్ల కింద అతనికి చక్కెర జబ్బు బయటపడింది. కాలికి తెలివి తగ్గింది. ఒకప్పుడు ఇంజను నాడి చూసిన అరికాలికి మేకు గుచ్చుకున్నా తెలియడం లేదు. నిరుడు ఎండల్లో పెడల్ వేడికి కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది. చీము కారుతుంటే సాలమ్మ చూసేదాకా అతనికే తెలియలేదు. అది మానలేదు. ఈ ఎండాకాలం నల్లబడడం మొదలైంది.

కౌకూర్ దగ్గర ఒక ట్రస్టు ఆసుపత్రికి పోయారు. బెంచీ మీద గంటన్నర కూర్చున్నారు. నర్సు బయటికొచ్చి పిలిచింది.

"యాదగిరి."

ఎవరూ లేవలేదు.

"యాదగిరి ఎవరండీ? పి. యాదగిరి?"

అతను కూడా అందరితోపాటు అటూ ఇటూ చూశాడు, ఈ యాదగిరి ఎవడో అని. సాలమ్మ మోచేత్తో పొడిచింది. మొగుడి పేరు పలకడం ఆమె ఇంట్లో కూడా లేదు. దొరసానికే కాదు, జాలరి ఇంటి ఆడదానికీ అదే నేర్పారు. తల్లి బతికున్నన్నాళ్లు తల్లి ఒక్కతే ఆ పేరుతో పిలిచేది. ఆమె పోయి ముప్పై ఏళ్లు. సాలమ్మ పొడిచింది ఎందుకో అతనికి అర్థమయ్యేలోపే నర్సు తర్వాతి పేరు పిలిచింది. మళ్లీ చివర్న కూర్చోవాల్సి వచ్చింది.

డాక్టరు కాలు చూసి దాపరికం లేకుండా చెప్పాడు. రక్తం కిందికి దిగడం లేదు. రక్తనాళం తెరవాలి. పదిహేను రోజుల్లో చేస్తే పాదం మిగులుతుంది. ఆలస్యమైతే తీసేయాలి.

ఇగ అక్కడినుంచి యాదగిరికి ఒక్కటే పని. కాలు నిలుపుకోవడం. దానికి దారి చూపింది యమున. మేడ్చల్ బస్ డిపో వెనక ఒక రేకుల గదిలో ఇంటి పనివాళ్ల సంఘం నడిపే మనిషి. సంఘం కార్డు ఉన్నవాళ్లకు ఆ ఆసుపత్రి ఆపరేషన్ ఉచితంగా చేస్తుంది. కార్డు కావాలంటే ఇన్నేళ్లు మా ఇంట్లో పనిచేశాడని యజమాని సంతకంతో ఒక కాగితం కావాలి.

"ఎన్నేండ్లు జేసినవ్ బాపూ?" అని అడిగింది యమున.

"నలభై ఒకటి."

"అగో. మాకు అయిదేండ్లు జాలు. నువ్వు ఎనిమిది కార్డులకు సరిపోతవ్. పో, జల్దీ రాయించుకరా."

అప్పటికే గడిలో టోపికారు అమ్మకానికి పెట్టారు. కొనేది బెంగళూరులో పాత కార్లు సేకరించే పెద్దమనిషి. ధర మాటలన్నీ అయిపోయాయి. బండి చరిత్రంతా ఒక ఫైలుగా కట్టి ఇవ్వమని ఆయన అడిగాడు. ఆ పని మధుసూదన్ రావు బిడ్డ హరిచందన చేస్తోంది. చదువుకున్న పిల్ల, మాట మెత్తన. యాదగిరిని కూర్చోబెట్టుకుని ఒక పూటంతా అడిగింది. ఏ నూనె పోస్తారు, ఏ ఏడు ఏ భాగం మార్చారు, సెల్ఫ్ ఎట్లా కొట్టాలి. అతను చెప్పాడు, ఆమె రాసుకుంది. లేచేటప్పుడు అతను చేతులు కట్టుకుని కాగితం సంగతి అడిగాడు.

"అయ్యో అంకుల్, అదెంత పని" అంది. సాయంత్రానికి కంపెనీ లెటర్‌హెడ్ మీద కొట్టించి, తండ్రితో సంతకం పెట్టించి ఇచ్చింది. యాదగిరికి చదువు అంతంత మాత్రం. సంతకం, ముద్ర చూసుకుని కళ్లకద్దుకున్నాడు.

మర్నాడు యమున ఆ కాగితాన్ని ఆధార్ కార్డు పక్కన పెట్టి చూసింది.

"గీ కాయితంల గాలయ్య అని ఉన్నది. గాయినెవలు?"

"నేనే."

"గీ కార్డుల పిట్ల యాదగిరి?"

"నేనే."

"మరి ఇద్దరికీ కలిపి కాలు ఒక్కటేనా బాపూ?" అని నవ్వి, అతని మొహం చూసి నవ్వాపింది. "ఆసుపత్రోళ్లు ఒప్పుకోరే. పేరు మార్పించుకరా. గీ ఆధార్ చూపియ్యి, నోరు గూడ తెరిచే పని లేదు. అయిదు నిమిషాల పని."

అయిదు నిమిషాల పనే. కాలు నిలబడాల్సిన పదిహేను రోజుల్లో అప్పటికి నాలుగు గడిచాయి.

యాదగిరి గడికి పోయాడు. హాల్లో మధుసూదన్ రావు ఫోన్‌లో ఉన్నాడు. ఆయన నెత్తి మీద గోడకు పెద్దదొర ఫోటో, గంధపు చెక్కల దండ. ఫ్రేము కింద పెద్ద అక్షరాలు: యాదగిరి రావు. ఆ అక్షరాలు మాత్రం అతను కూడబలుక్కోకుండా చదవగలడు.

"ఏం గాలయ్యా?"

"దొరా, కాయితంల పేరు తప్పు వడ్డది."

మధుసూదన్ రావు కాగితం తీసుకుని చూశాడు. "మంచిగనే ఉన్నది గదా. గాలయ్య. ఏం తప్పు?"

"పేరు అది గాదు దొరా."

"అది గాకుంటె మరేంది నీ పేరు?"

అడిగింది కోపంగా కాదు, హేళనగా కాదు. నిజంగా తెలియకే అడిగాడు. పదిహేనేళ్ల వయసు నుంచి తనను మోసిన మనిషి పేరు ఆయనకు నిజంగానే తెలియదు.

యాదగిరి నోరు తెరిచాడు. గంధపు దండ కదలకుండా వేలాడుతోంది. చెయ్యి చొక్కా జేబులోని ఆధార్ కార్డు దాకా పోయింది. కార్డు చూపడమంటే చెప్పడమే కదా. ఆ గోడ కింద, ఆ ఫోటో ముందు, ఆ పేరు నాది అని చెప్పడం. అరిగిపోయిన కాలితో పెనం లాంటి పెడల్ తొక్కినవాడికి అది చేత కాలేదు.

"మల్ల చెప్త దొరా. మీరు పనిల ఉన్నరు" అన్నాడు.

"సరే సరే. ఇగో, శుక్రారం ఫోటోలు దీసెటోళ్లు వస్తున్నరు. బండి జర మెరిపియ్యి."

సాలమ్మ అడిగితే దొర ఇంట్లో లేడన్నాడు. రెండు రోజుల తర్వాత యమున ఫోన్ చేస్తే దొర పట్నం పోయాడన్నాడు. శుక్రవారం ఫోటోల వాళ్లొచ్చారు. యాదగిరి ఒక వెండి రంగు అట్ట పట్టుకుని బండి మీద వెలుగు పడేటట్టు నిలబడ్డాడు, ఫోటోలో పడకుండా. ఒకతను పెడల్ మీది వేళ్ల గుంటలు చూసి మురిసిపోయి దగ్గరగా నాలుగు ఫోటోలు తీశాడు. "ఎవరివో ఈ పాదముద్రలు, ఎంత అందంగా ఉన్నాయో" అన్నాడు. అవి ఎవరివో ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు, కుడికాలికి గుడ్డ చుట్టుకుని.

ఫైలు కూడా తయారైంది. మంచి కాగితం, రంగు బొమ్మలు. "మూడు తరాలుగా ఒకే కుటుంబం స్వయంగా, కంటికి రెప్పలా కాపాడుకున్న అరుదైన వాహనం" అని మొదటి పేజీ. నూనె రకం ఉంది, సెల్ఫ్ కొట్టే పదకొండు ఉంది, పైగుడ్డ మీద వల కుట్టు ఫోటో ఉంది. దాని కింద "స్థానిక చేతిపని" అని ఉంది. నూనె పోసినవాడు లేడు. లెక్కపెట్టినవాడు లేడు. కుట్టిన చేయి లేదు. హరిచందన చెడ్డది కాదు. ఆమెకు రాయాలని తోచలేదు, అంతే. తోచకపోవడం కూడా నేర్పితే వచ్చేదే.

మళ్లీ గడి హాలు దాకా పోయాడు యాదగిరి, రెండోసారి, మూడోసారి. ఒకసారి చుట్టాలున్నారు. ఒకసారి ఎవరూ లేరు, ఫోటో ఉంది. తిరిగొచ్చాడు.

పన్నెండో రోజు సాలమ్మ కట్టు విప్పి చూసింది. మళ్లీ చుట్టుతూ అంది, "నువ్వు చెప్తలేవు గదూ."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్పి రావాల్నా?"

"నువ్వెట్ల చెప్తవే. నీ నోట్లెకెళ్లి గూడ వస్తదా నా పేరు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వబోయి నవ్వలేకపోయారు.

ఇది చదివి, తప్పు అతనిదే కదా, ఒక్క మాట చెప్పుకోలేకపోయాడా అనేవాళ్లుంటారు. ఒక మనిషి గొంతు మీద నలభై ఏళ్లు కాలు పెట్టి, ఇవాళ తీసి, ఇంకా పాడవేంటి అని అడిగినట్టుంటుంది ఆ మాట.

పద్నాలుగో రోజు బండిని తీసుకుపోయే లారీ వచ్చింది. వెనక భాగం జారుడుబల్లలా కిందికి వంగే లారీ. దాని డ్రైవరు లింగం, కుత్బుల్లాపూర్ మనిషి, కాళ్లకు మంచి బూట్లున్నాయి. కారును లారీ మీదికెక్కించాలి. కొన్నవాళ్ల తరఫున వచ్చిన మెకానిక్ మూడుసార్లు సెల్ఫ్ కొట్టాడు. బండి దగ్గి ఊరుకుంది. అందరూ యాదగిరి వైపు చూశారు.

అతను కుంటుకుంటూ పోయి సీట్లో కూర్చున్నాడు. చోక్ గుంజాడు. రెండుసార్లు తొక్కాడు. కాలికి ఏమీ తెలియలేదు. మొదటిసారి కిందికి వంగి, తన కాలిని తనే చూస్తూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పదకొండుకు కొట్టాడు. ఇంజను అందుకుంది. బండి మెల్లగా చెక్కల మీదుగా ఎక్కి నిలబడింది. అతను దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదనే ఉన్నాయి. లింగమే ఎక్కి భుజం మీద చెయ్యేసి దింపాడు.

"ఏందన్నా, ఒట్టి కాళ్లతోని తోల్తవా? నీ కాలేంది గిట్లయింది?"

"అలవాటు."

లింగం తల ఊపి పుస్తకం తీశాడు. బండి అప్పగించినవాళ్ల పేరు రాసి సంతకం తీసుకోవాలి. "పేరు చెప్పన్నా. కార్డుల ఉన్నట్టు చెప్పు, లేకుంటె మా సేటు నన్ను తింటడు."

అడిగిన మనిషి దొర కాదు. మీద ఫోటో లేదు. తనలాంటి డ్రైవరు, చేతిలో పెన్ను పట్టుకుని తనకోసం ఆగి ఉన్నాడు.

"యాదగిరి" అన్నాడు. "పిట్ల యాదగిరి."

గొంతు తనది కాదనిపించింది. అదే వాకిలి. కొట్టం కూలగొట్టి షెడ్డు కట్టారు, జీతగాళ్లు లేరు, చీపురు పట్టుకున్న ఆమె లేదు. చరిత్ర ఫైలు పట్టుకుని హరిచందన మాత్రం రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంది.

"అంకుల్, మీ పేరు యాదగిరా? మా తాతయ్య పేరే?"

"అవునమ్మా."

"మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినమ్మా" అన్నాడు యాదగిరి. "వచ్చిన దినమే చెప్పిన."

ఆ పిల్ల మొహం తెల్లబడింది. లోపలికి పోయి గంటలో కొత్త కాగితం తెచ్చింది. పిట్ల యాదగిరి, ఉరఫ్ గాలయ్య, నలభై ఒక్క ఏళ్లు మా ఇంట్లో కారు డ్రైవరుగా, మెకానిక్‌గా పనిచేశారు. "చేశాడు" కాదు, "చేశారు". ఫైలులో కూడా ఒక పేజీ కలపాలనుకుంది. అప్పటికి లారీ గేటు దాటింది. ఫైలు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. కొరియర్‌లో పంపిందంటారు. ఆ పేజీ ఉందో లేదో మనకు తెలియదు.

యమున ఆ సాయంత్రమే కార్డు పని మొదలుపెట్టింది. ఎంత పరుగెత్తినా మూడు రోజులు పట్టింది. పదిహేడో రోజు డాక్టరు కట్టు విప్పి, సాలమ్మను పక్కకు పిలిచాడు. నలుపు చీలమండ దాటింది.

మోకాలి కింద బెత్తెడు వదిలి తీసేశారు. ఆపరేషన్ ఉచితమే. కార్డు పనిచేసింది. కాలు నిలపడానికి రాయించుకున్న కాగితం, కాలు తీయడానికి పనికొచ్చింది.

రెండు నెలల తర్వాత పెట్టుడు కాలికి కొలతలు తీసుకునే రోజు అదే బెంచీ మీద కూర్చున్నారిద్దరూ. హరిచందన ఫోన్‌లో పంపిన ఫోటో ఒకటి అతను చూస్తున్నాడు. బెంగళూరులో ఎర్ర తివాచీ మీద టోపికారు. పెడళ్లు మార్చారట. కొత్త రబ్బరు వేశారట.

"కుట్టు ఉంచిండ్రా?" అని అడిగింది సాలమ్మ.

"కనిపిస్తలేదు. టోపి మడిచిండ్రు."

నర్సు బయటికొచ్చింది. "యాదగిరి."

అలవాటుగా అతను అటూ ఇటూ చూశాడు.

"యాదగిరి ఉన్నారా?"

సాలమ్మ మోచేత్తో పొడవలేదు. అతని వైపు తిరిగింది. నలభై మూడేళ్ల కాపురంలో ఎన్నడూ పలకని మాట, కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలాగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అంది.

"యా-ద-గి-రీ. నిన్నే. లే."

అతను కర్రల కోసం చెయ్యి చాపాడు. తల్లి పోయాక ఇంటి మనిషి నోట ఆ పేరు వినడం అతనికి ఇదే మొదలు. అతను లేవడానికి చాలాసేపు పట్టింది. కాలు లేకపోవడం వల్ల ఒక్కటే కాదు.

గడీలు పోయాయి కదా, ఇదంతా పాత సంగతి అనుకోకండి. మీ అపార్ట్‌మెంట్‌లో అమ్మగారి పేరే పనిమనిషికీ ఉందని ఆమెను ఇంకో పేరుతో పిలుస్తున్నారు. పలకడానికి కష్టమని వాచ్‌మన్‌కు మీరే ఒక పేరు పెట్టారు. మీ డ్రైవరును ఇన్నేళ్లుగా "డ్రైవర్" అనే పిలుస్తున్నారు. ఈ కాగితం కింద పెట్టగానే లేచి వాళ్ల దగ్గరికి పొండి. కార్డులో ఉన్న పేరు అడగండి. చెప్పడానికి తడబడితే ఆగండి, తొందర పెట్టకండి. తర్వాత తెల్ల కాగితం తీసుకుని ఆ పేరు, ఎప్పటినుంచి పనిచేస్తున్నారు, ఏం పని, కింద మీ సంతకం, తేదీ రాసి వాళ్ల చేతిలో పెట్టండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి. వాళ్లు వచ్చిన రోజే చెప్పారు.